ఒక్క రోజు, ఒక్క ఊరు: షాలిమార్ నుంచి బిష్ణుపూర్ వెళ్లేవారికి పది అనుభవ పాఠాలు

మాది పలాస వైపు. రైల్వే ఉద్యోగం నన్ను కలకత్తా పక్కనున్న షాలిమార్ గూడ్సు యార్డుకి తెచ్చింది. రిటైరయ్యాక కూడా ఇక్కడే ఉండిపోయాం. ఈస్ట్ కోస్ట్, కోరమాండల్ ఎక్స్‌ప్రెస్‌లు రెండూ ఇప్పుడు షాలిమార్ నుంచే బయలుదేరుతున్నాయి కాబట్టి మా ఇంటికి చుట్టాల రాకపోకలు ఎక్కువే. కాళీఘాట్, దక్షిణేశ్వరం, బొటానికల్ గార్డెన్‌లో మర్రిచెట్టు అన్నీ అయ్యాక "ఇంకో రోజు చేతిలో ఉంది మావయ్యా, ఎక్కడికెళదాం?" అని అడుగుతారు. నేను చెప్పే పేరు ఒకటే, బిష్ణుపూర్. బాంకుడా జిల్లాలో మల్ల రాజుల పాత రాజధాని అది. అక్కడి రాసమంచ ఇటుకలతో కట్టిన పిరమిడ్. అలాంటి కట్టడాన్ని నేను మన దేశంలో మరెక్కడా చూడలేదు.

అమెరికాలో ఉన్న మా అమ్మాయి తీసుకెళితే మెక్సికోలో చిచెన్ ఇట్జా కూడా చూశాను. కాంకూన్ నుంచి పొద్దున్నే బస్సెక్కించి, గైడుతో మాయా పిరమిడ్ చూపించి, రాత్రికి తిరిగి దింపే ఒక్కరోజు టూర్ అది. కాంకూన్ నుంచి అక్కడికి దాదాపు 200 కిలోమీటర్లు. షాలిమార్ నుంచి బిష్ణుపూర్‌కి కూడా ఇంచుమించు అంతే. ఈ రెండు ప్రయాణాలతో నాకు ఒక సంగతి గట్టిగా పట్టుబడింది. పాత కట్టడం ముందు నిలబడినప్పుడు ఎంత ఎత్తు, ఎన్నేళ్లు అని మాత్రమే అడిగితే అది మనకు దూరంగానే ఉండిపోతుంది. ఇక్కడ ఏ రోజున, ఎవరు వచ్చి, ఏం చేసేవారు అని అడిగితే దగ్గరవుతుంది. కింద రాసినవన్నీ ఆ ఒక్క ప్రశ్న చుట్టూ తిరిగేవే.

1. ఒక్క రోజుకి ఒక్క ఊరే పెట్టుకోండి

బిష్ణుపూర్ వెళుతున్నాం అనగానే ఎవరో ఒకరు "జైరాంబాటి కూడా కలిపేద్దాం, ముకుట్‌మణిపూర్ డ్యాం కూడా చూసేద్దాం" అంటారు. వద్దు. ఉదయం షాలిమార్‌లో బయలుదేరే అరణ్యక్ ఎక్స్‌ప్రెస్ మూడు గంటల పైచిలుకు ప్రయాణం చేసి బిష్ణుపూర్ చేరుస్తుంది. భోజూడీ దాకా వెళ్లి సాయంత్రం అదే రైలు తిరిగి వస్తుంది. మధ్యలో మన చేతికి దక్కేది కొన్ని గంటలే. ఆ గంటల్లో రాసమంచ, శ్యామ్‌రాయ్, జోడ్‌బంగ్లా, మదన్‌మోహన్ గుళ్లు తీరిగ్గా చూస్తే చాలు. లాల్‌జీ, రాధాశ్యామ్ గుళ్లు దారిలోనే తగులుతాయి, ఓపిక ఉంటే చూడండి. రైలు వేళలూ నడిచే రోజులూ మారుతుంటాయి కాబట్టి ముందు రోజే సరిచూసుకోండి. తిరుగు టికెట్టు కూడా అప్పుడే తీసుకుంటే రోజంతా మనసు నిమ్మళంగా ఉంటుంది.

2. బయలుదేరే ముందు ఊరి కథ కొంత తెలుసుకోండి

ఏమీ తెలియకుండా వెళితే గైడు చెప్పే పేర్లన్నీ కలగాపులగం అవుతాయి. తెలుసుకోవలసింది కొద్దిగానే. బిష్ణుపూర్ మల్ల రాజుల్లో వీర హంబీర్ అక్బరు కాలం వాడు. బృందావనం నుంచి గౌడీయ వైష్ణవ గ్రంథాలు బండి మీద తెస్తుంటే ఈ రాజు మనుషులు దోచుకున్నారని, వాటిని వెతుక్కుంటూ వచ్చిన శ్రీనివాస ఆచార్యుల భాగవత వ్యాఖ్యానం విని రాజే ఆయనకు శిష్యుడయ్యాడని వైష్ణవ గ్రంథాలు చెబుతాయి. ఆ తర్వాత వందేళ్లకు పైగా ఈ ఊళ్లో రాధాకృష్ణుల గుళ్లు వరసగా లేచాయి.

ఈ కథకు మన గోదావరితో కూడా చుట్టరికం ఉంది. గౌడీయ వైష్ణవానికి మూలపురుషుడైన చైతన్య మహాప్రభువు దక్షిణ యాత్రలో గోదావరి తీరానికి వచ్చాడు. గజపతుల తరఫున రాజమహేంద్రవరాన్ని ఏలుతున్న రామానంద రాయలుతో అక్కడే భక్తి గురించి చర్చించాడు. ఆ సంభాషణను గౌడీయులు నేటికీ పూజ్యంగా తలుచుకుంటారు. ఈ సంగతి చెబితే మా రాజమండ్రి చుట్టాల ముఖాలు వెలుగుతాయి. బిష్ణుపూర్ వాళ్లకి పరాయి ఊరిలా కనిపించడం అక్కడితో ఆగిపోతుంది.

3. రైల్లో కిటికీ పక్కన కూర్చుని నేలను చూడండి

సగం పాఠం రైల్లోనే దొరుకుతుంది. సంత్రాగాఛీ దాటితే వరి చేలు, చెరువులు, నల్లటి ఒండ్రుమట్టి. ఖరగ్‌పూర్‌లో ప్లాట్‌ఫారం మీద తెలుగు మాటలు వినిపిస్తాయి. రైల్వే కోసం తరాల కిందట వచ్చి స్థిరపడిన మనవాళ్లు అక్కడ చాలామంది. మెదినీపూర్ దాటాక నేల ఎర్రబడుతుంది, సాల్ చెట్ల అడవి మొదలవుతుంది. పిల్లలకి ఆ మార్పు చూపించి, "ఇక్కడ రాజువి నువ్వే అయితే గుడి దేనితో కడతావు?" అని అడగండి. చెక్కడానికి వీలైన మంచి రాయి దగ్గర్లో లేదు. గరుకైన లాటరైట్ ఎర్రరాయి ఉంది, మెత్తటి మట్టి ఉంది, కాల్చడానికి అడవిలో కట్టె ఉంది. అందుకే బిష్ణుపూర్ గుళ్లు ఇటుకతో, ఎర్రరాయితో లేచాయి. రాతి శిల్పం చేయాల్సిన పనిని కాల్చిన మట్టి పలకలు చేశాయి.

మెక్సికోలో కూడా ఇదే లెక్క. యుకటాన్ నేలంతా సున్నపురాయి. పిరమిడ్‌కి రాయీ, గచ్చుకి సున్నమూ అక్కడి నేలే ఇచ్చింది. పైన నదులు లేవు కాబట్టి నేల కుంగి ఏర్పడ్డ సహజ బావులే ఆ ఊళ్లకి ప్రాణం. లాగే పశువులు లేవు, ఇనుప పనిముట్లు లేవు. మనుషులే మోసి, రాతి పనిముట్లతో చెక్కి నిలబెట్టారు. నేలను చూసి వెళ్లినవారికి కట్టడం వెనకున్న కష్టం తెలుస్తుంది. తెలిస్తే గౌరవం దానంతట అదే వస్తుంది.

4. గైడును మాట్లాడుకునే పద్ధతి ఒకటుంది

స్టేషన్ బయట టోటోలు, అంటే బ్యాటరీ రిక్షాలు, వరసగా ఉంటాయి. టోటో నడిపే అబ్బాయిలు "గుళ్లన్నీ చూపిస్తాను కాకూ" అంటారు. వాళ్లు తిప్పడానికి మంచివాళ్లే. చెప్పడానికి మాత్రం రాసమంచ దగ్గర గుర్తింపు కార్డు ఉన్న గైడును తీసుకోండి. ఎంతసేపు, ఏయే గుళ్లు, ఏ భాషలో, ఎంత సొమ్ము అనే నాలుగూ ముందే మాట్లాడుకోండి. బెంగాలీ, హిందీ దొరుకుతాయి. తెలుగు దొరకదు కాబట్టి మీలో హిందీ బాగా వచ్చినవాళ్లు గైడు పక్కన నడుస్తూ మిగతావాళ్లకి చెప్పాలి. చెప్పేవాళ్లు కూడా వాక్యం వాక్యం కాకుండా ఒక గుడి కథ పూర్తిగా విని, అప్పుడు చెబితే బావుంటుంది.

మొదటి ప్రశ్న మీదే అయి ఉండాలి. "దాదా, ఇక్కడ పండగ రోజున ఏం జరిగేది?" అని అడగండి. రోజూ అప్పజెప్పే పాఠం పక్కన పెట్టి, గైడు వాళ్ల తాతల దగ్గర విన్న మాటలు చెప్పడం మొదలుపెడతాడు. ఈ ప్రశ్నకి ఉత్సాహంగా జవాబిచ్చే గైడు దొరికితే ఆ రోజు మీది. అడిగిన దానికన్నా నాలుగు రూపాయలు ఎక్కువే ఇవ్వండి.

5. ముందు దూరం నుంచి చూడండి

రాసమంచ గేటు దాటగానే పరుగున లోపలికి పోకండి. పచ్చిక దగ్గరే ఆగండి. కింద ఎర్రరాతితో ఎత్తుగా కట్టిన అరుగు. దాని మీద నాలుగు వైపులా తోరణాల వసారాలు. వాటి పైన మెట్టు మెట్టుగా సన్నబడుతూ కొసకు చేరే ఇటుక పిరమిడ్. దాని చుట్టూ కింద బెంగాలీ పల్లె గుడిసెల కప్పుల్లాంటి చిన్న చిన్న కప్పులు. 1600 ప్రాంతంలో వీర హంబీర్ కట్టించాడు. ఎత్తు ఓ పన్నెండు మీటర్లు. చిచెన్ ఇట్జాలో కుకుల్కాన్ పిరమిడ్ ముప్పై మీటర్లు, మెక్సికో నగరం దగ్గర తెయోతివాకాన్‌లోని సూర్య పిరమిడ్ అరవై అయిదు మీటర్ల దాకా ఉంటాయి. వాటితో పోల్చి ఇది చిన్నదే అనుకుంటే అసలు సంగతి జారిపోతుంది.

మెక్సికో పిరమిడ్ల మీద పైన గుడి ఉండేది. పూజారులు నిట్టనిలువు మెట్లెక్కి పైకి వెళ్లేవారు, జనం కింద మైదానంలో నిలబడి తలెత్తి చూసేవారు. రాసమంచలో ఆ వరస తలకిందులు. పిరమిడ్ పైన ఏమీ లేదు. దేవుళ్లు దాని నీడలో, జనం కళ్లకి ఎదురుగా ఉండేవారు. కార్తిక పున్నమికి రాస ఉత్సవం వస్తే ఊళ్లోని గుళ్ల నుంచి రాధాకృష్ణుల విగ్రహాలన్నీ ఇక్కడికి తెచ్చి నిలబెట్టేవారు. 1932 దాకా అలా జరిగింది. ఏడాది పొడుగునా పూజ జరిగే మూలవిరాట్టు ఇక్కడ లేడు. ఇంత కట్టడాన్నీ ఆ పండగ కోసమే నిలబెట్టారు. ఈ సంగతి తెలిశాక నాలుగు వైపులా అన్ని తోరణాలు ఎందుకున్నాయో ఎవరూ చెప్పనక్కర్లేదు. ఎటు నుంచి వచ్చినవాళ్లకైనా దర్శనం దొరకాలి కదా.

6. ఎక్కాలనే కోరిక వదిలి చుట్టూ తిరగండి

పిరమిడ్ అనగానే పిల్లలకి ఎక్కాలనిపిస్తుంది. చిచెన్ ఇట్జాలో నాలుగు వైపులా 91 చొప్పున మెట్లు, పైన గుడి మెట్టుతో కలిపి 365. 2006లో ఒక సందర్శకురాలు మెట్ల మీద నుంచి పడి చనిపోయాక అక్కడ ఎక్కడం ఆపేశారు. మాతో వచ్చిన చిన్నవాళ్లు "ఎక్కనివ్వకపోతే వెళ్లి ఏం లాభం?" అన్నారు. మెట్ల ఎదుట నిలబడి చప్పట్లు కొట్టమన్నాడు గైడు. తిరిగొచ్చిన ధ్వని పక్షి కూతలా ఉంది. అది మాయా వాళ్లు పవిత్రంగా చూసిన కెట్జాల్ పక్షి కూతలా ఉంటుందని అక్కడ చెబుతారు. ఆ చప్పట్లతో పిల్లల అలక తీరిపోయింది.

రాసమంచలో మనకి ప్రదక్షిణం ఉంది. మధ్యలో గర్భగృహం, దాని చుట్టూ ఒకదాని వెలుపల ఒకటిగా మూడు వసారాలు. బయటి వసారా నుంచి మొదలుపెట్టి నెమ్మదిగా లోపలికి తిరగండి. వెలుగు ఎలా తగ్గుతుందో, తోరణంలోంచి తోరణం ఎలా కనిపిస్తుందో చూడండి. ఒక మూల నిలబడి మాట్లాడితే గొంతు ఎలా మారుతుందో వినండి. గోడలకి ఆనుకోవద్దు, పలకల మీద చెయ్యి వేయవద్దు. కాల్చిన మట్టి వానకి, ఎండకి ఇన్ని వందల ఏళ్లు తట్టుకుంది. వేల చేతుల చెమటకి మాత్రం తట్టుకోలేదు. టికెట్టు పారేయకండి. రాసమంచ దగ్గర కొన్నదే శ్యామ్‌రాయ్, జోడ్‌బంగ్లా దగ్గర కూడా ఆ రోజుకి చెల్లుతుంది.

7. గోడంతా చూడాలనుకోకండి, ఒక్క పలక చదవండి

శ్యామ్‌రాయ్ గుడి 1643లో, జోడ్‌బంగ్లా 1655లో, రెండూ మల్ల రాజు రఘునాథ సింహ కట్టించినవే. శ్యామ్‌రాయ్‌కి అయిదు శిఖరాలు. లోపలా బయటా గోడ అనేది కనబడకుండా మట్టి పలకలే. రెండు పూరిళ్లు పక్కపక్కన చేర్చి మధ్యలో శిఖరం పెట్టినట్టుంటుంది జోడ్‌బంగ్లా. వాటి ముందు నిలబడితే కళ్లు చెదురుతాయి, ఏది చూడాలో తోచదు. అందుకే మా వాళ్లకి నేను ఒక పని అప్పగిస్తాను. ఒక్కొక్కరూ ఒక్క పలక ఎంచుకుని దాని ముందు నిలబడాలి. ఎవరెవరున్నారు, చేతుల్లో ఏముంది, ఏ కథ అన్నది చూసి మిగతావాళ్లకి చెప్పాలి.

శ్యామ్‌రాయ్‌లో గుండ్రటి రాసమండలం ఉంది. నడుమ రాధాకృష్ణులు, చుట్టూ వలయాలుగా గోపికలు. రాసమంచ చూసి వచ్చిన కళ్లకి అది వెంటనే అందుతుంది, ఎందుకంటే ఆ పండగ తలుచుకునే రాసక్రీడే ఇక్కడ గోడ మీద ఉంది. జోడ్‌బంగ్లాలో అంపశయ్య మీద భీష్ముడు, పడవల మీద యుద్ధాలు, వేటలు కనిపిస్తాయి. మన పిల్లలకి రామాయణ, భారత కథలు తెలుసు కాబట్టి బెంగాలీ రాకపోయినా గోడ చదవగలరు. ఒకసారి మా చెల్లెలి మనవరాలు గైడు కన్నా ముందే భీష్ముణ్ని పట్టేసింది. ఆయన సంతోషం పట్టలేక ఆ పిల్లకి చెయ్యెత్తి నమస్కారం పెట్టాడు.

8. ఎండనీ మోకాళ్లనీ లెక్కలోకి తీసుకోండి

బాంకుడా ఎండ మన పల్నాడు ఎండకి తీసిపోదు. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా వెళ్లడం మేలు. దిగగానే రాసమంచ, శ్యామ్‌రాయ్, జోడ్‌బంగ్లా చూసేసి, మధ్యాహ్నం భోజనానికి నీడ పట్టున కూర్చోండి. అన్నం, పప్పు, గసగసాల ముద్దతో చేసిన ఆలూ పోస్తో దొరుకుతాయి, మన నాలుకకి బాగానే ఎక్కుతాయి. ఎండ వాలాక మదన్‌మోహన్ గుడికి వెళ్లండి. దాన్ని 1694లో మల్ల రాజు దుర్జన సింహ కట్టించాడు. పక్కవాటు వెలుగులో పలకల మీద బొమ్మలు పైకి తేలి కనిపిస్తాయి.

పెద్దవాళ్లకి మంచినీళ్లు, టోపీ, వేసుకోవడానికీ విప్పడానికీ సులువైన చెప్పులు తప్పనిసరి. మందులు చేతి సంచిలోనే ఉండాలి. ప్రతి గుడి దగ్గరా కూర్చునే చోటు చూసుకోండి. అలసిన మనిషికి ఏ చరిత్రా తలకెక్కదు. బృందంలో అందరికన్నా నెమ్మదిగా నడిచేవారు ఎవరో చూసి, వారి అడుగుతోనే అందరూ నడవండి.

9. కథనీ చరిత్రనీ రెండింటినీ వినండి, కలిపేయకండి

దల్‌మాదల్ అనే పెద్ద ఇనుప ఫిరంగి ఊళ్లో ఉంది. దాదాపు 3.8 మీటర్ల పొడవు. 1742లో మరాఠా దండు బెంగాల్ మీద పడింది. వాళ్లనే ఇక్కడ బర్గీలు అంటారు. వాళ్లు బిష్ణుపూర్‌ని ముట్టడించినప్పుడు మదన్‌మోహనుడే స్వయంగా వచ్చి ఫిరంగి పేల్చి ఊరిని కాపాడాడని జనం చెప్పుకుంటారు. దండు రావడం చరిత్ర. దేవుడు ఫిరంగి పేల్చడం ఊరి నమ్మకం. ఈ రెండోది విని నవ్వకండి. రాజు మీద కన్నా దేవుడి మీదే ఊరు భరోసా పెట్టుకున్న కాలం గురించి అది మనకి చెబుతుంది. అప్పుల్లో పడ్డ మల్ల రాజు చైతన్య సింహ అదే మదన్‌మోహనుడి విగ్రహాన్ని కలకత్తా బాగ్‌బజార్‌లో గోకుల్ మిత్ర దగ్గర తాకట్టు పెట్టాడని కూడా చెబుతారు. బాగ్‌బజార్‌లో మదన్‌మోహన్ గుడి ఇప్పటికీ ఉంది. మా షాలిమార్ వాళ్లం నది దాటి వెళ్లి చూడవచ్చు.

పిరమిడ్లు గ్రహాంతరవాసులు కట్టారనే మాట మెక్సికోలోనూ వినిపిస్తుంది. అది నమ్మకం కాదు, ఆ రాళ్లు మోసిన మనుషులకి అన్యాయం. 1930ల తవ్వకాల్లో కుకుల్కాన్ లోపల మరో పాత పిరమిడ్, అందులో ఎర్ర రంగు జాగ్వార్ ఆసనం బయటపడ్డాయి. తాతలు కట్టిన దాన్ని కూల్చకుండా మనవలు దాని మీదే పెద్దది కట్టారు. ఇది ఏ కట్టుకథ కన్నా గొప్పగా లేదూ!

10. ఆ ఊరు ఇంకా బతుకుతోందని గుర్తుంచుకోండి

పాత కట్టడాలున్న ఊరు మ్యూజియం కాదు. బిష్ణుపూర్‌లో బాలూచరి పట్టు చీరలు నేస్తారు. పుట్టింది ముర్షిదాబాద్ వైపు బాలూచర్‌లో అయినా, గత శతాబ్దంలో ఆ నేతకి మళ్లీ ప్రాణం పోసింది ఈ ఊరే. పల్లూ మీద రామాయణ, భారత ఘట్టాలు. పొద్దున గోడ మీద చూసిన బొమ్మలే సాయంత్రం మగ్గం మీద కనిపిస్తాయి. గుండ్రటి దశావతార పేక ముక్కలు చేసే చేతులు ఇంకా ఉన్నాయి, ఒక కట్టకి 120 ముక్కలు. రవీంద్రనాథ్ ఠాగూర్‌కి చిన్నతనంలో సంగీతం నేర్పిన జదుభట్ట ఈ ఊరి సంప్రదాయం వాడే. మెక్సికోలోనూ ఇంతే, చిచెన్ ఇట్జా దారుల్లో బొమ్మలు అమ్మేవాళ్లలో మాయా భాష మాట్లాడేవారు ఉంటారు. మాయా జనం మాయమైపోలేదు, వాళ్ల పిల్లలు అక్కడే ఉన్నారు.

అందుకే చీర కొనే స్తోమత లేకపోయినా మగ్గం దగ్గరికి వెళ్లి పావుగంట కూర్చోండి. అడ్డు రాకుండా అడగండి, అనుమతి తీసుకుని ఫొటో తీయండి. ఇక్కడ అమ్మే మట్టి గుర్రం బొమ్మ కొంటే చేసినవాళ్ల దగ్గరే కొనండి. బేరమాడటం కాస్త తగ్గించుకోండి.

తిరుగు రైల్లో అందరూ అలసి ఉంటారు, ఫోన్లు బయటికొస్తాయి. ఖరగ్‌పూర్ వచ్చేలోపు ఒక్కొక్కరినీ ఒక్కటే అడగండి: "ఇవాళ చూసిన వాటిలో ఏది, ఎవరి కోసం కట్టారో నీకు తెలిసింది?" జవాబు ఒక్క వాక్యమైనా సరే, దాన్ని తేదీతో సహా ఒక నోటుపుస్తకంలో రాయించండి. రాసినవాళ్లు మళ్లీ అడుగుతారు, చదువుతారు, తమ పిల్లల్ని తీసుకొస్తారు. యునెస్కో పరిశీలన జాబితాలో బిష్ణుపూర్ 1998 నుంచీ ఉంది. జాబితా సంగతి ప్రభుత్వాలు చూసుకుంటాయి. అర్థం చేసుకుని చూసే మనుషుల్ని తయారు చేయడం మాత్రం ఇంటి పెద్దల పని. అందుకే మీ ఇంటికి చుట్టాలు వస్తే ఒక రోజు ఖాళీ ఉంచండి. షాలిమార్‌లో ఉంటే బిష్ణుపూర్, శ్రీకాకుళంలో ఉంటే ముఖలింగం, అనకాపల్లి దగ్గరుంటే బొజ్జన్నకొండ. ఊరు ఏదైనా సరే, గైడుని పిలిచి ఆ మొదటి ప్రశ్న అడగండి.